క్యాబిన్‌కు తొట్టి కుదరని 1962 ఫోర్డ్: ఫ్యాక్టరీ పనా, తర్వాతి మార్పా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ దగ్గర 1962 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ఉంది. అది రెండు చక్రాల డ్రైవ్ బండి. క్యాబిన్ పక్కన నడిచే రేకు మడత, వెనక సామాను వేసే తొట్టి మీది మడతతో కలవడం లేదు. తొట్టి చూడబోతే అంతకు ముందు తరం బండిదిలా ఉంది. పైనున్న తెల్లరంగు కింద ముదురు ఆకుపచ్చ కనిపిస్తోంది, ఆ ఛాయ ఆ ఏడాది రంగుల పట్టికలో లేదు. కప్పు మీద బిరడాలతో మూసిన నాలుగు రంధ్రాలు ఉన్నాయి. ప్రమాదం తర్వాత ఎవరో పాత బండి తొట్టి తెచ్చి తగిలించారని, క్యాబిన్‌తో ఏకంగా ఉండే అసలు తొట్టిని వెతికి బిగిస్తేనే బండి సరైన రూపానికి వస్తుందని తెలిసినవారొకరు మీకు చెప్పారు. ఆ పని ఎలా చేయాలో మీరు అడిగారు.

దయచేసి ఆ పని మొదలుపెట్టకండి. మీరు తప్పు అనుకుంటున్న ఆ తొట్టి ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే ఆ బండికి ఎక్కి ఉండే అవకాశం బలంగా ఉంది. అమెరికాలో పాత ఫోర్డ్ పికప్‌లను ఇష్టపడేవాళ్లు ఈ బండ్లను ‘రాంగ్ బెడ్’ అని పిలుస్తారు. పేరులో తప్పు ఉన్నా బండిలో తప్పు లేదు. దీని వెనక కథ తెలిస్తే, మీ బండి ఒక్కదాన్నే కాదు, ఆ కాలపు ఏ ట్రక్కును చూసినా తొందరపడి తీర్పు చెప్పకుండా ఆగగలుగుతారు.

1961 మోడల్‌తో ఫోర్డ్ ఒక సాహసం చేసింది. అప్పటిదాకా పికప్ అంటే ఛాసిస్ మీద ముందు క్యాబిన్, వెనక విడిగా బోల్టులతో బిగించిన తొట్టి, రెండింటి మధ్య వేలు దూరేంత సందు. ఆ సందును తీసేసి, క్యాబిన్ వెనక గోడనూ తొట్టి ముందు గోడనూ ఒకే రేకుగా చేసి, పక్క రేకులను నేరుగా క్యాబిన్‌కు వెల్డింగ్ చేసి, బండిని ఏకశరీరంగా తయారుచేశారు. రేకులు తగ్గాయి, అచ్చులు తగ్గాయి, చూడటానికి కారులాగా నున్నగా కనిపించింది. అయితే ట్రక్కు ఛాసిస్ బరువు పడినప్పుడు మెలి తిరుగుతుంది, తిరగాలి కూడా. విడి తొట్టి ఉన్న బండిలో ఆ మెలిని మధ్యనున్న సందు మింగేస్తుంది. ఏకశరీరంలో అది నేరుగా తలుపుల చట్రం మీదికి వస్తుంది. నిండుగా బరువు వేస్తే తలుపులు బిగుసుకుపోతున్నాయన్న మాట ఆ బండ్ల వెంట ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. తొట్టి పక్క రేకు గట్టిగా సొట్టపడితే విప్పి మరొకటి వేసే వీలు లేకపోవడం పనివాళ్లకు మరో ఇబ్బంది.

ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది. ఫోర్డ్ ఆ సంవత్సరాల్లో విడి క్యాబిన్ తయారుచేయడం ఎన్నడూ మానలేదు. చక్రాల మీద వెడల్పు రెక్కలు, పక్కన కాలుపెట్టే మెట్టు ఉండే ఫ్లేర్‌సైడ్ తొట్టికి విడి క్యాబిన్ కావాలి. నాలుగు చక్రాల డ్రైవ్ బండికీ అదే కావాలి, ఎందుకంటే ఆ బండ్లకు ఏకశరీరం అసలు ఇవ్వలేదు. అంటే విడి క్యాబిన్ ఫ్యాక్టరీలో సిద్ధంగా ఉంది. దానికి నప్పే వెడల్పు తొట్టి మాత్రం లేదు, ఎందుకంటే కొత్త ఆకారానికి విడి తొట్టి అచ్చులే చేయలేదు. ఉన్నవి 1957 నుంచి 1960 వరకు నడిచిన పాత స్టైల్‌సైడ్ తొట్టి, అంటే పక్కలు నున్నగా ఉండే వెడల్పు తొట్టి, అచ్చులు. నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లకు ఆ పాత తొట్టినే వేస్తూ వచ్చారు. 1962 మోడల్ సంవత్సరం నడుస్తుండగానే రెండు చక్రాల బండ్లకూ ఆ తొట్టిని ఇవ్వడం మొదలుపెట్టారు. 1963లో ఏకశరీరమూ ఈ అతుకు జోడీ పక్కపక్కనే అమ్ముడయ్యాయి. 1964లో క్యాబిన్ గీతలతో కలిసే కొత్త విడి తొట్టి వచ్చాక రెండూ ఆగిపోయాయి. మీ బండిలో కలవని ఆ గీత, ఒక పెద్ద సంస్థ తన నిర్ణయాన్ని మధ్యలోనే దిద్దుకుంటున్న రోజుల గుర్తు. దాన్ని చెరిపేస్తే ఆ చరిత్ర పోతుంది.

మీకు సలహా ఇచ్చినవారు చెప్పిన పని ఆచరణలో ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. ఏకశరీరపు తొట్టిని విప్పి తెచ్చి బిగించడం కుదరదు, ఎందుకంటే విప్పడానికి అక్కడ బోల్టులు లేవు. ఒక మంచి ఏకశరీరపు బండిని తలుపుల వెనక కోయాలి, మీ బండి క్యాబిన్ వెనక గోడను కోయాలి, ఆపైన రెండు కోతలనూ అతకాలి. రెండు నిజమైన బండ్లు పోయి, ఫోర్డ్ ఎన్నడూ చేయని మూడో బండి మిగులుతుంది.

అయితే మీ తొట్టి ఫ్యాక్టరీదే అని నేను ఇక్కడ కూర్చొని ప్రమాణం చేయలేను. ఎవరో తర్వాత మార్చి ఉండే అవకాశమూ ఉంది, దాన్ని బండే చెప్పాలి. ముందుగా క్యాబిన్ వెనక భాగం చూడండి. మీ బండి మొదట ఏకశరీరంగా పుట్టి ఉంటే, విడి తొట్టి వేయడానికి వెనక గోడను కోయక తప్పదు. కోసిన అంచు దాగదు: కోసిన చోట రేకు వేడికి వంకరపోయి ఉంటుంది, పుట్టీ పొర మందంగా ఉంటుంది, లోపలివైపు సీటు వెనక వెల్డింగ్ పూసలు చేతికి తగులుతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విడి క్యాబిన్ అయితే వెనక గోడ మూలలదాకా అచ్చులో వంగిన నిండు రేకుగా ఉంటుంది, దాని అంచుల్లో స్పాట్ వెల్డింగ్ గుంటలు ఒకే వరుసలో, దాదాపు సమాన దూరంలో నడుస్తాయి. మనిషి చేతి వెల్డింగ్‌కు ఆ క్రమం రాదు.

రెండో చోటు క్యాబిన్‌కూ తొట్టికీ మధ్యనున్న సందు. బండికి మళ్లీ రంగు కొట్టేవాళ్లు తొట్టిని దించడం అరుదు కాబట్టి రంగు తుంపర ఆ సందులోకి పూర్తిగా చేరదు. టార్చిలైటు వేసి చూడండి. క్యాబిన్ వెనక గోడ మీదా, తొట్టి ముందు గోడ మీదా, రెండింటి మీదా ఒకే ముదురు ఆకుపచ్చ నేరుగా ప్రైమర్ మీద ఉంటే, ఆ రెండూ కొత్తగా ఉన్నప్పటి నుంచి కలిసే ఉన్నాయనడానికి అది గట్టి సాక్ష్యం. క్యాబిన్ ఆకుపచ్చగా ఉండి తొట్టి అడుగుపొర ఇంకో రంగులో ఉంటే, ఆ తొట్టి వేరే బండిది. కనబడని చోట ఒక రూపాయి బిళ్లంత మేర సన్నని నీటి సాండ్‌పేపర్‌తో నెమ్మదిగా రుద్దితే చెట్టు వలయాల్లా పొరలన్నీ బయటపడతాయి. నేను ఏ బండి కొనే ముందైనా ఈ పని అనుమతి అడిగి చేస్తాను. సీటు వెనక రేకు, నేల మీది రబ్బరు పరుపు కింద, గ్లవ్‌బాక్స్ పైభాగం, తలుపు గొళ్లెం పలక కింద, ఇవన్నీ తర్వాతి రంగు చేరని చోట్లే.

ఇక ఆకుపచ్చ సంగతి, కప్పు రంధ్రాల సంగతి. ఈ రెండింటినీ కలిపి చూడండి. పట్టికలో లేని రంగు అనగానే తర్వాత కొట్టారని అనుకోవడం పొరపాటు. పెద్ద సంఖ్యలో బండ్లు కొనే సంస్థలు తమ రంగును ఫ్యాక్టరీలోనే వేయించుకునేవి. టెలిఫోన్ లైన్లు వేసిన బెల్ సంస్థ బండ్లు చాలా ఏళ్లు ముదురు ఆకుపచ్చలోనే తిరిగాయి. అటవీ శాఖకూ, విద్యుత్ సంస్థలకూ, రైల్వేలకూ ఎవరి రంగు వాళ్లకు ఉండేది. అలాంటి బండి కప్పు మీద హెచ్చరిక దీపమో, రేడియో ఏంటెన్నానో, నిచ్చెన చట్రమో ఉండటం సహజం. సర్వీసు అయిపోయాక సంస్థ వాటిని పీకేసి, రంధ్రాలు మూసి, తెల్లరంగు కొట్టి వేలం వేసి ఉండవచ్చు.

దీనికి బండి మీదే ఒక కాగితం లాంటిది ఉంది. ఫోర్డ్ ఆ కాలపు ట్రక్కులకు వేసిన రేకు పలక మీద రంగు, గేరుబాక్సు, ఇరుసు, గరిష్ఠ బరువు వగైరా గడులతో పాటు డీఎస్‌ఓ అనే గడి ఉంటుంది. జిల్లా ప్రత్యేక ఆర్డరు అని దాని అర్థం. మామూలు బండి అయితే అందులో అమ్మకపు జిల్లా సంఖ్య రెండంకెలు మాత్రమే ఉంటాయి. ఆ రెండంకెల తర్వాత మరికొన్ని అంకెలు ఉంటే, ఎవరో ప్రత్యేకంగా ఏదో అడిగి చేయించుకున్నారని తేటతెల్లం. రంగు గడి ఖాళీగా ఉంటే ప్రత్యేక రంగు అనే అనుమానం మరింత బలపడుతుంది. అదే పలక మీద వరుస సంఖ్య ఎఫ్10 అని మొదలైతే రెండు చక్రాల ఎఫ్-100, ఎఫ్11 అయితే నాలుగు చక్రాలది. ఎఫ్11 అని ఉండి ఇప్పుడు ముందు ఇరుసు లేకపోతే కథ మొత్తం మారిపోతుంది, ఎందుకంటే పాత తొట్టి అప్పుడు సహజంగా ఉండవలసిందే, మార్చినది ఇరుసు. పలకలను కొత్తగా కొట్టించి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి పలక మీది సంఖ్యను కుడివైపు ఛాసిస్ రైలు పైభాగంలో పోటు కొట్టిన సంఖ్యతో తప్పక సరిచూడండి. తుప్పును తీగ బ్రష్షుతో మెల్లగా తీయండి, గ్రైండరు దగ్గరికి తీసుకురాకండి.

ఇంజను విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఫోర్డ్ పోత భాగాల మీది సంఖ్యలో మొదటి అక్షరం దశాబ్దం, తర్వాతి అంకె సంవత్సరం, తర్వాతి అక్షరం ఏ రకం వాహనానికో చెబుతుంది. బీ అంటే 1950ల దశాబ్దం, సీ అంటే 1960లు, డీ అంటే 1970లు; టీ అంటే ట్రక్కు. సీ1టీతో మొదలయ్యే భాగం 1962 బండిలో కనిపించగానే ఇంజను మార్చారని కేకలు వేయనక్కర లేదు. ఆ సంఖ్య ఆ భాగపు రూపకల్పన ఎప్పటిదో చెబుతుంది, పోత పోసిన రోజును చెప్పదు. రూపం మారనంతకాలం అదే సంఖ్యతో ఏళ్ల తరబడి పోస్తారు. పోత పోసిన తేదీ విడిగా ఉంటుంది: సంవత్సరపు చివరి అంకె, నెలకొక అక్షరం, రోజు. ఆ తేదీ బండి తయారైన తేదీకి కొద్ది రోజుల నుంచి కొన్ని నెలల ముందు ఉండాలి. తర్వాత ఉంటే మాత్రం ఆ భాగం ఆ బండితో పుట్టలేదు.

మీ బండి గురించి చెప్పవలసింది ఇంతే అయినా, ఈ విషయంలో జరిగిన నష్టాలు నా కళ్లారా చూశాను కాబట్టి మరికొంత చెప్పకుండా ఉండలేను. ఎన్నో ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక షెడ్డుకు 1970 షెవర్లే లాంగ్‌హార్న్ పికప్ వచ్చింది. తొట్టి రెండు పక్కలా, క్యాబిన్ దగ్గర, పైనుంచి కిందికి ఒక అతుకు గీత ఉంది. ప్రమాదంలో చిరిగితే అతికించారని అందరం అనుకున్నాం. రెండు గీతలనూ రుద్ది, పుట్టీ పెట్టి, అద్దంలా చేశాం. బండి యజమాని చాలా సంతోషించాడు. తర్వాత అలాంటిదే మరొక బండి, ఒకే యజమాని చేతిలో ఉండి ఎక్కడా చిన్న సొట్ట కూడా పడనిది, మా దగ్గరికి వచ్చింది. దాని మీదా అదే చోట అదే గీత ఉంది. షెవర్లే 1968 నుంచి 1972 వరకు అమ్మిన లాంగ్‌హార్న్‌కు ఎనిమిదిన్నర అడుగుల తొట్టి, 133 అంగుళాల చక్రాంతరం (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉండేవి. ఎనిమిది అడుగుల తొట్టి పక్క రేకులకే ముందువైపు ఆరంగుళాల ముక్క కలిపి ఆ పొడవు తెచ్చారు. ఆ గీత ఫ్యాక్టరీది. మేము చెరిపింది ఆ బండి గుర్తింపును. ఆ రోజు నుంచి, ఒకే రకపు బండి రెండోది చూడకుండా ఏ అతుకునూ తప్పు అనకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

తొట్టి, క్యాబిన్ కుదరకపోవడం ఫోర్డ్ ఒక్కదాని కథ కాదు. స్టూడిబేకర్ సంస్థ 1960లో తెచ్చిన చాంప్ పికప్ క్యాబిన్, తమ లార్క్ అనే చిన్న కారు రేకుల నుంచి తయారైంది. ఆ తర్వాత వెడల్పు తొట్టి అవసరమైనప్పుడు కొత్త అచ్చులకు పెట్టుబడి లేక, డాడ్జ్ తన పికప్‌కు వాడిన తొట్టి అచ్చులను కొన్నారు. ఫలితంగా తొట్టి క్యాబిన్ కంటే స్పష్టంగా వెడల్పుగా బయటికి ఉంటుంది, గీతలూ కలవవు. తెలియనివాళ్లు చూస్తే డాడ్జ్ తొట్టి తెచ్చి తగిలించారనే అంటారు. నిజానికి తగిలించింది స్టూడిబేకరే. డాడ్జ్ కూడా 1957లో స్వెప్ట్‌సైడ్ అనే అందమైన బండి చేసింది. అది కూడా అతుకే: రెండు తలుపుల స్టేషన్ వ్యాగన్ వెనక రెక్కలనూ, బంపర్‌నూ తీసుకొని పికప్ తొట్టికి కలిపారు. ఆ పని డాడ్జ్ ప్రత్యేక పరికరాల విభాగంలో జో బెర్ చేతి మీదుగా జరిగింది. 1959 మొదట్లో ఆగిపోయిన ఆ బండ్లు ఇప్పుడు చాలా అరుదు. వాటి లోపలి అతుకులు చూసి ఎవరో ఇంట్లో చేసినట్టుంది అనుకోవడం సహజమే, కానీ ఆ అతుకులే అసలుకు రుజువు.

ఫైబర్‌గ్లాస్ విషయంలోనూ అంతే. 1955 నుంచి 1958 వరకు షెవర్లే అమ్మిన కామియో క్యారియర్ తొట్టి పక్కలు ఫైబర్‌గ్లాస్‌తో ఉంటాయి. లోపల మామూలు ఇనుప తొట్టే ఉంటుంది, దానికి బయటినుంచి ఆ నున్నటి పలకలు బిగించారు. అదనపు చక్రం వెనక బంపర్ మధ్యభాగం వెనక దాగి ఉంటుంది. మొదటి ఏడాది 5,000 పైచిలుకు తయారైనా, ఆ తర్వాత ఏటికేడు అంత రాలేదు. లోపల ఇనుము, బయట ఫైబర్‌గ్లాస్ చూసి, తుప్పును కప్పడానికి వేశారనుకొని పలకలు పీకి పారేసినవాళ్ల గురించి విన్నాను. ఆ నష్టాన్ని మళ్లీ పూడ్చడం ఎంత కష్టమో ఆ పలకలు వెతికినవాళ్లకే తెలుసు.

ఎత్తు చూసి మోసపోయే బండి ఇంకొకటి. 1967 నుంచి 1977 మధ్య వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-250 నాలుగు చక్రాల బండ్లు నేల నుంచి బాగా ఎత్తుగా నిలబడతాయి. వీటికి ‘హైబాయ్’ అనే పేరు జనం పెట్టారు, ఫోర్డ్ పెట్టలేదు. ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును గేరుబాక్సు నుంచి వేరు చేసి, మధ్యలో ఒక పొట్టి షాఫ్ట్ పెట్టారు. ఛాసిస్, కమాన్ల (పట్టీల స్ప్రింగుల) అమరిక కూడా ఆ ఎత్తుకు తగ్గట్టే ఉంటుంది. దాన్ని చూసి కమాన్ల కింద దిమ్మెలు వేసి లేపారనుకొని, ‘అసలు ఎత్తు’కు దించాలని ప్రయత్నించేవాళ్లు ఉన్నారు. కమాను, ఇరుసుల మధ్యనున్న దిమ్మె పోత పోసినదా, కోసి వెల్డింగ్ చేసినదా అన్నది చూస్తే చాలావరకు తేలిపోతుంది. కమాన్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను: 1967 నుంచి 1972 వరకు షెవర్లే అర టన్ను బండికి వెనక కాయిల్ స్ప్రింగులు, అదే ఆకారపు జీఎంసీకి (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వారిదే మరో బండి పేరు) కమాన్లు మామూలుగా వచ్చేవి. అదనపు ఖర్చుతో ఒకదానిది ఇంకొకదానికి కూడా ఇచ్చేవారు. కాబట్టి కమాన్లతో ఉన్న షెవర్లేను చూసి జీఎంసీ ఛాసిస్ మీద ఎక్కించారని తేల్చేయకూడదు. ఆ బండ్లలో గ్లవ్‌బాక్స్ తలుపు లోపల ఐచ్ఛిక పరికరాల చీటీ ఒకటి అంటించి ఉంటుంది. అది చిరిగిపోకుండా ఉంటే అంతకంటే మంచి సాక్షి లేదు.

ఇంజన్లలో అయితే ఆశ్చర్యాలు ఇంకా ఎక్కువ. 1955 నుంచి 1959 వరకు అమెరికాలో అమ్మిన జీఎంసీ పికప్‌లలో వీ8 కావాలంటే వచ్చింది పాంటియాక్ కార్ల ఇంజను. దాన్ని చూసి ఎవరో కారు ఇంజను దించారనుకొని షెవర్లే ఇంజను ఎక్కించినవాళ్లు అసలును తీసి నకలు పెట్టినట్టే. 1964లో డాడ్జ్ తన చిన్న పికప్‌లో 426 ఘనపుటంగుళాల, 365 అశ్వశక్తి ఇంజను ఇచ్చింది. కొన్నవాళ్లు చాలా తక్కువ. 1978లో అదే డాడ్జ్ మిత్సుబిషి ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనును పికప్‌లకు ఇచ్చింది. అమెరికా బండిలో జపాన్ డీజిల్ ఇంజను చూస్తే ఎవరికైనా తర్వాతి మార్పు అనే తోస్తుంది. ఇంజను కింది దిమ్మెలు రివెట్లతో ఫ్యాక్టరీ పద్ధతిలో ఉన్నాయా, ఛాసిస్‌కు కోసిన రేకులతో వెల్డింగ్ చేశారా అన్నది చూసే దాకా నోరు మెదపకపోవడం మంచిది.

ఏడాది గురించిన గందరగోళం వేరే రకం. 1955లో షెవర్లే రెండు పూర్తిగా వేర్వేరు ట్రక్కులను ఒకే సంవత్సరం పేరుతో అమ్మింది. మార్చి నెలాఖరు దాకా వచ్చింది 1954 రూపమే, ఆరు వోల్టుల విద్యుత్తుతో. కాకపోతే అర టన్ను బండిలో అప్పటిదాకా గొట్టంలో మూసి ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే వెనక ఇరుసును తిప్పే కడ్డీ, బయటికి వచ్చింది. ఆ తర్వాత వచ్చింది చుట్టూ వంగిన అద్దం, 12 వోల్టులు, కావాలంటే వీ8. మొదటి రకపు బండి కింద బయటి షాఫ్ట్ చూసి వెనక ఇరుసు మార్చారని అనుకోవడం అందుకే పొరపాటు. దానికి తోడు, అమ్ముడుపోని బండ్లను కొన్ని రాష్ట్రాల్లో అమ్మిన ఏడాది పేరుతోనే నమోదు చేసేవారు. కాగితం మీది ఏడాదికీ, ఇనుము మీది ఏడాదికీ తేడా వస్తే ఇనుమునే నమ్మండి. కొరియా యుద్ధకాలంలో క్రోమియం, నికెల్ వాడకంపై ఆంక్షలు వచ్చినప్పుడు మెరిసే పూత ఉండవలసిన చోట రంగు మాత్రమే వేసి పంపిన బండ్లూ ఉన్నాయి. ‘బాగు చేస్తున్నాం’ అని వాటికి క్రోమ్ పూత వేయిస్తే ఆ రోజుల గుర్తు పోతుంది. కెనడాలో ఫోర్డ్ ట్రక్కులనే 1946 నుంచి 1968 వరకు మెర్క్యురీ పేరుతో కూడా అమ్మారు, ఎందుకంటే చిన్న ఊళ్లలోని మెర్క్యురీ డీలరుకూ అమ్ముకోవడానికి ట్రక్కు కావాలి. తొట్టి తలుపు మీద మెర్క్యురీ అని కనిపిస్తే ఎవరో సరదాగా రాయించుకున్నారని అనుకోకండి.

ఫ్యాక్టరీకీ యజమానికీ మధ్య ఇంకొక చేయి ఉంటుంది. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది అదే. బండి ఫ్యాక్టరీ నుంచి బయలుదేరి, మార్పులు చేసే సంస్థ దగ్గర ఆగి, అప్పుడు డీలరు దగ్గరికి చేరేది. ఇండియానాపోలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ 1930ల నుంచి ఫోర్డ్ ట్రక్కులకు నాలుగు చక్రాల డ్రైవ్ అమర్చింది. ఫోర్డ్ స్వయంగా అలాంటి పికప్ ఇచ్చింది 1959 మోడల్‌లో మాత్రమే. మిన్నియాపోలిస్‌లోని నాప్కో సంస్థ షెవర్లే, జీఎంసీ బండ్లకు పవర్‌ప్యాక్ అనే సామగ్రిని తయారుచేసింది: ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, మీటలు అన్నీ అందులో ఉండేవి. మొదట్లో డీలరో, నాప్కోనో దాన్ని బిగించేవారు. 1956లో జీఎంసీ, 1957లో షెవర్లే దాన్ని తమ ఆర్డరు పుస్తకంలోకే తీసుకున్నాయి. 1960లో జనరల్ మోటార్స్ సొంత అమరిక వచ్చాక ఆ ఒప్పందం ముగిసింది. ఇప్పుడొక చిక్కు చూడండి. అదే సామగ్రిని విప్పి వేరే బండికి బిగించవచ్చు, ఎందుకంటే అలా బిగించడానికే దాన్ని చేశారు. కాబట్టి నాప్కో ముందు ఇరుసు ఉన్నంత మాత్రాన ఆ బండి అలా పుట్టిందని చెప్పలేం. ఇక్కడ ఛాసిస్ మీది రంధ్రాలు మాట్లాడతాయి. అచ్చుతో పొడిచిన రంధ్రం అంచు ఒకవైపు కాస్త లోపలికి ఒరిగి నున్నగా ఉంటుంది. చేతి డ్రిల్లుతో వేసినది కొద్దిగా అండాకారంగా, అంచున బొడిపెతో ఉంటుంది. ఆ రంధ్రాల లోపలి గోడకు ఛాసిస్ నల్లరంగు పట్టి ఉందా, లేక పచ్చి ఇనుమే తుప్పు పట్టిందా అని చూడండి. రంగు పట్టి ఉంటే రంధ్రం ముందు, రంగు తర్వాత.

కొన్ని బండ్లను అసలు తొట్టి లేకుండానే, క్యాబిన్, ఛాసిస్‌లు మాత్రమే అమ్మేవారు. వాటి మీద ఏ తొట్టి ఉన్నా అది ఫ్యాక్టరీది కాదు, అయినా అది తప్పూ కాదు. అలాగే యాభై అరవై ఏళ్ల క్రితం ఒక రైతు తన అవసరానికి వెల్డింగ్ చేయించుకున్న కొక్కెం, ఒక సంస్థ తన పనివాళ్ల కోసం వేయించిన మెట్టు, ఇవీ ఆ బండి బతికిన బతుకులో భాగాలే అని నా అభిప్రాయం. వాటిని ఫ్యాక్టరీ పని అని చెప్పి అమ్మడం మోసం. వాటిని ఉంచుకోవడం మాత్రం మోసం కాదు. ప్రాణానికి ముప్పు తెచ్చే వాటి విషయంలో నేను మెత్తబడను: గ్యాసుతో కోసి అతికిన ఛాసిస్ రైలు, రైలు అంచు పట్టీ మీద అడ్డంగా వేసిన వెల్డింగ్, అతుకు పెట్టిన స్టీరింగ్ కడ్డీ, ఇవి ఎంత పాతవైనా తీసివేయవలసిందే. తీసే ముందు ఫొటోలు మాత్రం తీయండి.

మీ బండి దగ్గరికే మళ్లీ వస్తాను. ఈ వారం మీరు చేయవలసిన పని వరుస నాకు ఇలా తోస్తోంది. ముందుగా పలకనూ, ఛాసిస్ సంఖ్యనూ చదివి, అవి ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడండి. డీఎస్‌ఓ గడిలో ఎన్ని అంకెలు ఉన్నాయో రాసుకోండి. తర్వాత క్యాబిన్ వెనక సందులో టార్చి వేసి రెండు గోడల రంగునూ, సీటు తీసి వెనక గోడ స్పాట్ వెల్డింగ్ వరుసనూ చూడండి. కప్పు రంధ్రాల దగ్గర లోపలి గుడ్డను ఒక మూల విప్పితే, పాత వైరు దారి ఎటు వెళ్లిందో కనిపిస్తుంది. ఆ వైరు బిగించిన క్లిప్పుల కింద ఆకుపచ్చ ఉందా, తెలుపు ఉందా అన్నది ముఖ్యం. ఆకుపచ్చ మీద క్లిప్పు ఉండి దాని చుట్టూ మాత్రమే తెలుపు ఉంటే, ఆ దీపం బండి ఆకుపచ్చగా పనిచేసిన రోజులదే.

ఒక్కటి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. ఇవన్నీ ఫొటోలు తీసేదాకా బండి అడుగుభాగాన్ని, ముఖ్యంగా క్యాబిన్ వెనకనూ, తొట్టి ముందు గోడనూ, ఒత్తిడి నీళ్లతో కడిగించకండి. ఫ్యాక్టరీలో పనివాళ్లు రంగు పెన్సిలుతోనో, సుద్దతోనో రాసిన ఆర్డరు గుర్తులు ఆ మట్టి పొర కిందే అరవై ఏళ్లు నిలిచి ఉంటాయి, ఒక్క నిమిషం నీటి దెబ్బకు పోతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తడి గుడ్డతో అద్ది, పగటి వెలుగు పక్కనుంచి పడేలా నిలబెట్టి చూడండి. ఆ తొట్టి ముందు గోడ మీద ఒక్క గీత రాత దొరికినా ఫొటో తీసి, పలక మీది అంకెలతో కలిపి నాకు చూపించండి.